ఇంజిన్‌ని బిగించాలా, ఊగనివ్వాలా? ఒక రబ్బరు ముక్క వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక రబ్బరు ముక్క గురించి మాట్లాడుకుందాం. అరచేతిలో పట్టేంత ముక్క. దాని వల్ల మా నాన్న తన సొంత కారు ఎక్కడం మానేశాడు. ఆ కథ చెప్తాను, దాని వెనకున్న చరిత్ర కూడా చెప్తాను. ఎందుకంటే ఆ చరిత్ర ముందే తెలిసుంటే నేనా తప్పు చేసేవాణ్ణి కాదు.

మా నాన్నది పంతొమ్మిదేళ్ల పాత పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు. క్లచ్ వదలగానే బానెట్ కింద ధబ్‌మని చప్పుడు. విజయవాడ ఆటోనగర్‌లో చూపించాం. భాయ్ బానెట్ ఎత్తి, నన్ను యాక్సిలరేటర్ తొక్కమని, ఇంజిన్ ఎలా కదులుతుందో ఒక్కసారి చూశాడు. "మౌంటింగ్ రబ్బర్లు పోయాయి తమ్ముడూ, కొత్తవి వేసేద్దాం" అన్నాడు.

నేను బీటెక్ కదా, ఊరుకుంటానా? ఆన్‌లైన్‌లో పాలీయురేథేన్ బుష్‌లు తెప్పించా. రబ్బరు కంటే గట్టివి, ఆయిల్ పడినా ఉబ్బవు, ఎక్కువ కాలం వస్తాయి. "అన్ని చోట్లా ఇవే వేసేయ్ భాయ్" అన్నా. ఆయన గోరుతో నొక్కి చూసి, "కారు నడిపేది నాన్నగారే కదా?" అని మాత్రం అడిగాడు. ఎందుకు అడిగాడో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం.

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే అది వేసవిలో జిగురు కాదు, చలికి బిరుసెక్కదు అని కనిపెట్టాడు. 1844లో పేటెంట్ వచ్చింది. పాపం ఆయన మాత్రం 1860లో అప్పులతోనే చనిపోయాడు. మన కార్లలో ఉండే ప్రతి రబ్బరు బుష్ ఆ పద్ధతికి వారసురాలే.

కానీ తొలినాళ్ల కార్లలో ఇంజిన్‌ని చాలావరకు ఛాసిస్‌కి గట్టిగా బిగించేసేవాళ్లు. దాని సమస్య ఏంటంటే, నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టు తిరిగితే రెండుసార్లు పేలుడు జరుగుతుంది. నిమిషానికి 750 చుట్లు అనుకోండి, అంటే సెకనుకి 25 దెబ్బలు. బోల్టులు గట్టిగా ఉంటే ఆ దెబ్బలన్నీ నేరుగా సీట్లోకి, స్టీరింగ్‌లోకి వచ్చేస్తాయి. అందుకే డబ్బున్నవాళ్లు ఆరు సిలిండర్లు, ఎనిమిది సిలిండర్ల కార్లు కొనేవాళ్లు.

1929లో షెవర్లే కంపెనీ చౌక కారులోనే ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టింది. పోటీలో ఉన్న క్రిస్లర్ వాళ్ల ప్లిమత్ కారుకి మాత్రం నాలుగే. వాళ్లు సిలిండర్లు పెంచలేదు, ఇంజిన్‌ని పట్టుకునే పద్ధతి మార్చారు. 1931లో ప్లిమత్ పీఏ మోడల్‌తో వచ్చింది 'ఫ్లోటింగ్ పవర్'.

ఐడియా సింపుల్. ఏ వస్తువైనా తన బరువు కేంద్రం చుట్టూ ఊగాలని చూస్తుంది. కాబట్టి ముందు మౌంట్‌ని పైకి, వెనక మౌంట్‌ని కిందికి పెట్టారు. ఆ రెండిటినీ కలిపే గీత ఇంజిన్ బరువు కేంద్రం మీదుగా వెళ్తుంది. రెండు చోట్లా రబ్బరు. ఇంజిన్ ఆ గీత చుట్టూ ఉయ్యాలలా హాయిగా ఊగుతుంది. మరీ ఎక్కువ ఊగకుండా పక్కన ఒక పట్టీ స్ప్రింగ్. గమనించారా? రెండు పనులని విడదీశారు. బరువు మోసేది ఒకటి, తిరగబడకుండా ఆపేది ఇంకొకటి. ఇది గుర్తుపెట్టుకోండి, నా తప్పు ఇక్కడే ఉంది.

ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ ఇదే పద్ధతికి లైసెన్స్ తీసుకుంది. 1932 నుంచి ఆ కార్ల ముందు భాగంలో ఒక హంస బొమ్మ కనిపించేది. నీటి మీద హంస తేలినట్టు ఇంజిన్ తేలుతోందని చెప్పడమన్నమాట.

ఇక పాలీయురేథేన్ సంగతి. 1937లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో, ఐజీ ఫార్బెన్ కంపెనీ ల్యాబ్‌లో, ఓటో బేయర్ బృందం దీన్ని తయారుచేసింది. పేరు చూసి బేయర్ కంపెనీ కుటుంబం అనుకోకండి, ఆయనకి వాళ్లతో చుట్టరికం లేదు. అప్పటికే అమెరికాలో నైలాన్ పేటెంట్లు డ్యూపాంట్ చేతిలో ఉన్నాయి, వాటికి అడ్డం పడని కొత్త దారి కావాలి. మొదట్లో శాంపిల్స్‌లో గాలి బుడగలు వచ్చేవి. చిల్లుల చీజ్‌కి నకలు చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఎగతాళి చేశారని చెప్తారు. ఆ బుడగలే తర్వాత మన పరుపుల్లో ఫోమ్ అయ్యాయి. బుడగలు లేకుండా పోత పోస్తే రబ్బరులా సాగుతూ, దానికంటే అరుగుదలకి బాగా తట్టుకునే పదార్థం వచ్చింది. మన బుష్‌లు ఆ రకానివి.

ఇప్పుడు 1959 ఇంగ్లండ్. 1956 సూయజ్ గొడవతో పెట్రోల్ కరువొచ్చింది, చిన్న కారు కావాలి. అలెక్ ఇసిగోనిస్ మినీని డిజైన్ చేశాడు. 848 సీసీ ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ని దాని కిందే పెట్టాడు. ఇంజిన్ అడ్డంగా ఉంటే క్లచ్ వదిలిన ప్రతిసారీ అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దాన్ని ఆపడానికి ఇంజిన్ పైనుంచి వెనక గోడకి ఒక చిన్న కడ్డీ, రెండు చివర్లా రబ్బరు బుష్‌లు. అవి అరిగితే క్లచ్ దగ్గర కారు వణుకుతుంది, ఎగ్జాస్ట్ పైపు జాయింట్లు పగులుతాయి. అందుకే పాత మినీలు ఉన్నవాళ్లు ఆ కడ్డీకి పాలీయురేథేన్ బుష్‌లు వేసుకుంటారు. బరువు మోసే మౌంట్లకి చాలామంది రబ్బరే ఉంచుతారు.

మళ్లీ ఆటోనగర్‌కి వద్దాం. బుష్‌లు మార్చాక చప్పుడు పోయింది. గేరు పడగానే కారు లాగేస్తోంది. నేను ఫుల్ హ్యాపీ, మరుసటి రోజు హైదరాబాద్ వచ్చేశా. పది రోజులకి అమ్మ ఫోన్ చేసి మాటల్లో అంది: "నాన్న బజారుకి ఆటోలో వెళ్తున్నారురా. కారు తీయట్లేదు." నాన్నకి ఫోన్ చేశా. చాలాసేపు అడిగితే చెప్పాడు: "సిగ్నల్ దగ్గర ఆపితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయిరా. నువ్వు ఖర్చు పెట్టి చేయించావు, ఎలా చెప్పను?"

ఆ మాటకి నాకు నోట మాట రాలేదు.

ఎందుకలా అయిందో చూడండి. మెత్తటి మౌంట్ మీద ఇంజిన్ సొంత ఊపు నెమ్మదిగా ఉంటుంది. సెకనుకి 25 దెబ్బలు వచ్చినా ఆ వేగాన్ని అందుకోదు, దెబ్బలు అక్కడే ఆగిపోతాయి. మౌంట్ గట్టిదైతే సొంత ఊపు వేగం పెరుగుతుంది. అది ఆ 25కి దగ్గరైతే ఉయ్యాలని సరిగ్గా దాని తాళంలో తోసినట్టే, వణుకు పెరిగిపోతుంది. నేను క్రిస్లర్ విడదీసిన రెండు పనులనీ మళ్లీ కలిపేశా. ఊగాల్సిన దాన్ని కూడా కట్టేశా.

తర్వాతి శనివారం బండి మళ్లీ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయిల్ సంప్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఇంజిన్ బరువు ఆపాడు. బరువు మోసే మౌంట్లలో కొత్త రబ్బరు వేశాడు. కింద ఉండే టార్క్ రాడ్‌కి మాత్రం నా పాలీయురేథేన్ బుష్ ఉంచాడు. ఒక చిన్న విషయం: రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని మెలి తిరుగుతుంది. ఈ పాలీ బుష్‌లు గొట్టం మీద జారుతాయి. అందుకే సిలికాన్ గ్రీజు పూయాలి, లేకపోతే కిచకిచమంటాయి. మొదటిసారి గ్రీజు లేకుండా వేయమన్నది కూడా నేనే!

నాన్న స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో స్టీరింగ్ మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాడు. ఒక నిమిషం తర్వాత, "ఆఁ, ఇది నా బండి" అన్నాడు.

భాయ్ అడిగిన ఆ ప్రశ్నలోనే మొత్తం ఇంజినీరింగ్ ఉంది ఫ్రెండ్స్. ఏ పార్ట్ గట్టిది అని కాదు, నడిపేది ఎవరు అని. మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఏదైనా మార్చే ముందు దాన్ని రోజూ నడిపేవాళ్లని ఒక్కసారి అడగండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.