జకార్డు అట్టల నుంచి వెలుగుబొమ్మల దాకా

మన సోలాపూర్ జకార్డు చద్దరు మీద పువ్వు ఎక్కడ తేలాలో అట్టలే చెబుతాయి. అట్టలో రంధ్రం ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డు ఈ పద్ధతిని కుదిర్చాడు. 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. అంటే కంప్యూటరు పుట్టుకలో మగ్గానికీ వాటా ఉందన్నమాట.

ఆ కంప్యూటరు సాయంతోనే 2001లో రాఫెల్ లొజానో-హెమ్మర్ అనే కళాకారుడు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ‘బాడీ మూవీస్’ ప్రదర్శించాడు. వీధుల్లో తీసిన మామూలు మనుషుల ఫొటోలు, వెయ్యికి పైగా, పెద్ద గోడ మీద వేశాడు. వాటిపై ఇంకా గట్టి దీపాలు పడటంతో బొమ్మలు కనబడవు. దారిన పోయేవాళ్ల నీడ పడ్డచోట మాత్రం ఆ మనుషులు, వాళ్లు కట్టుకున్న బట్టలతో సహా బయటపడతారు. కాసేపు పరాయి మనిషి రూపాన్ని తొడుక్కున్నట్టే ఉంటుంది.

మన సంగతీ అలాంటిదే. దుకాణం దీపాల కింద చీర మెరుస్తుంది, నేసినవాళ్లు కనబడరు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు బట్ట చేనేతదని చెబుతుంది గానీ నేసినవాళ్ల ముఖం చూపదు. కంప్యూటరు చదివిన మన పిల్లల్ని మేం అడిగేదొకటే. వచ్చే వార్షికోత్సవానికి ఇలాంటి గోడ ఒకటి కట్టండి. చూడవచ్చినవాళ్ల నీడలో కండెలు చుట్టే అవ్వ, ఆసు పోసే అమ్మ, మగ్గం గుంటలో కూర్చున్న తాత కనబడాలి.