ఐస్‌క్రీమ్ ట్రేల్లో నన్నారి ఎందుకు లేదు?

మా కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక జెలాటో షాపుంది. పేరు చెప్పను, చెప్తే ప్రకటన అనుకుంటారు. బెంగుళూరు నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా నేను తప్పకుండా వెళ్ళే చోటు అది. అద్దం వెనక పద్దెనిమిది స్టీలు ట్రేలుంటాయి, అడిగితే చిన్న చెంచాతో రుచి చూపిస్తారు. ఏడాదిన్నరలో మొత్తం పద్దెనిమిదీ పూర్తి చేశాను. చేసేది సాఫ్ట్‌వేర్ పని కదా, ఊరికే తిని ఊరుకోలేక ఒక ఎక్సెల్ షీట్ కూడా పెట్టాను. మొదటి కాలమ్‌లో రుచి పేరు, రెండో దాంట్లో నేనిచ్చిన మార్కులు, మూడో దాంట్లో ఆ రుచి పుట్టిన చోటు. మొదటి రెండూ సరదాగానే నిండాయి. మూడోది నింపుతుంటేనే చరిత్రలోకి దిగాల్సొచ్చింది.

ముందు జెలాటోకీ ఐస్‌క్రీమ్‌కీ తేడా ఏంటో చెప్పుకుందాం. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో కనీసం 10 శాతం పాల కొవ్వుండాలి. ఒక లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి. రెండో నిబంధన ఇంకోసారి చదవండి. లీటరు డబ్బాలో దాదాపు సగం గాలి ఉన్నా చట్టం ఒప్పుకుంటుందన్న మాట! (పాల కొవ్వు బదులు వనస్పతి నూనెలు వాడితే దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. ఈసారి డబ్బా కొన్నప్పుడు చిన్న అక్షరాలు చూడండి.) ఇటలీ వాళ్ళ జెలాటోలో కొవ్వూ తక్కువే, గాలీ తక్కువే. పైగా దాన్ని ఐస్‌క్రీమ్ కన్నా కాస్త తక్కువ చల్లదనంలో వడ్డిస్తారు. నాలుక మరీ మొద్దుబారదు కాబట్టి అసలు రుచి బాగా తెలుస్తుంది.

ఇక నా మూడో కాలమ్ సంగతి. వెనిల్లా మెక్సికోది. చాక్లెట్‌కి మూలమైన కకావో కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. సపోటా మెక్సికో, మధ్య అమెరికాలది. జామ అమెరికా ఉష్ణమండలంది. సీతమ్మ పేరు పెట్టుకుని నల్లమల కొండల్లో అడవి చెట్టులా పెరిగిపోతున్న సీతాఫలం పుట్టిల్లు కూడా ఆ ఖండమేనంట! బటర్‌స్కాచ్‌లో మన వాళ్ళు వేసే జీడిపప్పు బ్రెజిల్‌ది. పిస్తా ఇరాన్, మధ్య ఆసియా వైపుది. కాఫీ ఇథియోపియాది. స్ట్రాబెర్రీ అయితే మరీ విచిత్రం, 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రెండు అమెరికా జాతులు కలిసి పుట్టిన సంకరం. మొత్తం మీద ఖాయంగా మన ఉపఖండానిదని రాసుకున్నది మామిడి ఒక్కటే. పోనీ అదైనా మా బనగానపల్లె బేనిషానా (2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది) అంటే, కాదు. చిత్తూరు ఫ్యాక్టరీ నుంచి టిన్నుల్లో వచ్చే తోతాపురి గుజ్జు అని షాపులో వాళ్ళే చెప్పారు.

బయటి నుంచి రావడం తప్పని నేననడం లేదు. మిరపకాయే బయటిది, అది లేని కడప కారం దోసెని ఊహించుకోలేం కదా. నాకొచ్చిన ప్రశ్న వేరు. పక్కనే నల్లమల పెట్టుకుని, వేసవిలో నలభై నాలుగు డిగ్రీలు కాసే ఊళ్ళో, మేమంతా చిన్నప్పటి నుంచీ చల్లదనం కోసం తాగిన నన్నారి ఆ పద్దెనిమిది ట్రేల్లో ఎందుకు లేదు?

దీనికి జవాబు కావాలంటే అసలు చల్లదనం మా సీమకి ఎట్లా వచ్చిందో చూడాలి.

మంచు లేని చోట నీళ్ళు చల్లబరచడానికి పాత పద్ధతి సురేకారం. మన పల్లెల్లో పెట్లుప్పు అనేవాళ్ళు. దీన్ని నీళ్ళలో కరిగిస్తే అది వేడిని లాక్కుంటుంది, ఆ నీళ్ళలో పెట్టిన కూజా చల్లబడుతుంది. అక్బరు కొలువులో ఇట్లా నీళ్ళు చల్లబరిచేవాళ్ళని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. తుపాకి మందుకి వాడే దినుసుతోనే మంచినీళ్ళు చల్లబరిచారన్న మాట. కానీ ఈ పద్ధతిలో నీళ్ళు చల్లబడతాయే గానీ ఐస్‌క్రీమ్ గడ్డకట్టదు. దానికి ఐసూ కావాలి, ఉప్పూ కావాలి. ఐసులో తగినంత ఉప్పు కలిపితే వేడి సున్నా కన్నా 21 డిగ్రీలు కిందికి పోతుంది. చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ మిషను పనిచేసేది ఈ సూత్రం మీదే. దానికి 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ పేటెంటు తీసుకుంది.

మరి ఐసు ఎక్కడిది? ఇక్కడ కథ సినిమాలా ఉంటుంది. బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచుని దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టు కప్పి, ఓడల్లో ప్రపంచమంతా అమ్మాడు. 1833లో అతని ఓడ నాలుగు నెలలు ప్రయాణం చేసి కలకత్తా చేరింది. 180 టన్నులతో బయల్దేరితే దారిలో కరిగింది పోను 100 టన్నుల దాకా మిగిలింది. తర్వాత మద్రాసుకి కూడా ఐసు దిగింది. దాన్ని దాచడానికి 1842లో సముద్రం ఒడ్డున కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు అదే, ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. చెన్నైలో ఉన్నవాళ్ళు చూసే ఉంటారు.

1871 కల్లా మద్రాసు రైలు మార్గం కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. 1874లో మద్రాసులోనే యంత్రంతో ఐసు తయారుచేసే కంపెనీ ఒకటి మొదలైంది. ఓడల్లో మంచు దిగుమతి చేసుకునే అవసరం తీరిపోయింది. అంటే ఐసు పట్నంలోనే తయారవుతోంది, మా జిల్లాకి రైలూ ఉంది. సరిగ్గా రెండేళ్ళకి, 1876లో, ధాత కరువు మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. 1877లో కరువు పనులకొచ్చిన వాళ్ళ కూలిని రోజుకి ఒక పౌను గింజలకి, పైన కొద్దిపాటి డబ్బుకి కుదించారు. పట్నంలో దొరల గ్లాసులో ఐసు ముక్క తేలుతున్న ఆ రోజుల్లో మా జిల్లాల్లో గంజినీళ్ళకి జనం చచ్చిపోయారు. చల్లదనం చరిత్ర చదివేటప్పుడు నాకెప్పుడూ గొంతులో అడ్డం పడేది ఈ సంగతే. యంత్రం ఉంది, రైలుంది, అందుకోగలిగేదెవరు అన్నదే తేల్చాల్సింది.

మా జనానికి ఐసు అందింది చాలా కాలం తర్వాత, పుల్ల ఐసు రూపంలో. సైకిలు వెనక డబ్బా, లోపల సేమ్యా ఐసు, పాల ఐసు, నాలుకంతా ఎర్రగా చేసే రంగు ఐసు. అంతవరకూ వేసవిలో మా జేజి వాళ్ళకి చల్లదనమంటే మట్టి కుండలో నీళ్ళు, మజ్జిగ, సబ్జా గింజలు, నన్నారి. వేళ్ళని దంచి, నానబెట్టి, కాచి, చక్కెర పాకం పట్టి సీసాల్లో పోసుకుంటే వేసవంతా వచ్చేది. రెండు చెంచాల పాకంలో నిమ్మకాయ పిండి నీళ్ళు పోస్తే షర్బత్ తయార్. ఐసు, కరెంటు ఏవీ అక్కర్లేదు. మరీ చల్లగా లేకపోయినా ఆ వాసనకే ప్రాణం లేచొచ్చేది.

ఆ వాసన ఏమిటా అని వెతికితే దొరికిన విషయమే ఇదంతా రాయడానికి కారణం. వెనిల్లాకి వాసననిచ్చే పదార్థం వెనిలిన్. నన్నారి వేరుకి వాసననిచ్చే ముఖ్య పదార్థంలో కూడా అవే పరమాణువులు, అంతే లెక్కలో ఉంటాయి. ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. అమరిక ఒక్కటే తేడా. ఇంటర్ కెమిస్ట్రీలో ఐసోమర్లని చదువుకున్నాం చూడండి, అవన్న మాట. సొంత అక్కచెల్లెళ్ళు. ఒకామె ప్రపంచాన్నేలుతోంది, ఒకామె మా బజార్లో తోపుడు బండి మీద సీసాలో కూర్చుంది.

అక్క ఎట్లా పైకొచ్చింది? మెక్సికో బయట వెనిల్లా తీగ పెరిగేది గానీ కాయ కాసేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లాడు చిన్న పుల్లతో పువ్వుని చేత్తో పరాగ సంపర్కం చేసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే పద్ధతి. దాంతో తోటల యజమానులు బాగుపడ్డారు, అతను మాత్రం 1880లో పేదవాడిగానే పోయాడు. తర్వాత 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు వెనిలిన్‌ని కృత్రిమంగా తయారుచేశారు. చూశారా, మద్రాసులో ఐసు కంపెనీ మొదలైన ఏడే! ప్రపంచంలో ఇప్పుడు వాడే వెనిలిన్‌లో అసలు కాయ నుంచి వచ్చేది ఒక శాతం కూడా ఉండదు. అది అంత చవగ్గా, అన్నిట్లోనూ ఉండబట్టే మనం దానికి "ప్లెయిన్" అని పేరు పెట్టేశాం. రుచి లేని రుచి అన్నట్టు.

షాపు నడిపే అన్నని నన్నారి పెట్టొచ్చు కదా అనడిగాను. ఆయన నవ్వి, "అది ఇరవై రూపాయలకి బండి మీద దొరుకుతాది సార్. దానికి నా దగ్గర నూటిరవై ఎవురిస్తారు?" అన్నాడు. వ్యాపారిగా ఆయన లెక్క సరైనదే. ఇంటి పక్కన చవగ్గా దొరికేదానికి మనం విలువ కట్టం. కానీ ఎక్కువ రోజులు చవగ్గా దొరుకుతుందా అన్నది ఆ లెక్కలో లేదు.

నన్నారి పేరుతో మా వైపు రెండు మొక్కల వేళ్ళు అమ్ముతారు. ఒకటి సన్న వేళ్ళ సుగంధిపాల. రెండోది లావు దుంపల్లాంటి వేళ్ళుండే మారెడు కొమ్ములు. ఈ రెండోది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. షర్బత్ కోసం, ఊరగాయల కోసం తవ్వీ తవ్వీ అది అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేరింది. వెనిల్లాలో కోసేది కాయని, తీగ బతికే ఉంటుంది. ఇక్కడ వేరే సరుకు. తవ్వితే మొక్కే పోతుంది, మళ్ళీ వేరు ఊరాలంటే ఏళ్ళు పడుతుంది. అడవిలో తిరిగి దాన్ని గుర్తుపట్టి తవ్వి తెచ్చేది ఎక్కువగా చెంచులూ, మిగతా గిరిజనులూ. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్ అమ్ముతోంది గానీ, బజార్లో దొరికే చాలా సీసాల్లో వేరు ఎంతుందో, ఎసెన్స్ ఎంతుందో మీరే లేబుల్ చూసి తేల్చుకోండి.

కాబట్టి నా ఎక్సెల్ షీట్‌లో పంతొమ్మిదో వరస ఖాళీగానే పెట్టాను, దాని మీద నా అభిప్రాయం కూడా మారింది. నన్నారి జెలాటో రావాలని మొదట్లో తెగ ఉబలాటపడ్డాను. ఇప్పుడేమనిపిస్తోందంటే, అడవి వేరుతో అది హిట్టయితే ముందు ఖాళీ అయ్యేది నల్లమలే. వేరు ముందు పొలానికి రావాలి. దీనికి పెద్దగా నీళ్ళక్కర్లేదు, రాళ్ళ నేలలో పుట్టిన మొక్క. వేరుశెనగ వేసి వాన కోసం ఆకాశం వైపు చూసే మా మెట్ట రైతుకి పొలం గట్టున ఇదొక ఆదరువు కావచ్చు. ఎక్కడో మెక్సికో తీగకి, పుట్టిన చోటు కాని దీవిలో, ఒక పిల్లాడు కాయ కాయించగలిగాడు. సొంత నేలలో, సొంత ఎండలో పెరిగే మొక్కని పెంచుకోవడం మనకంత కష్టమా?

అప్పటిదాకా ఒక పని మాత్రం చేయొచ్చు. మీ ఇంట్లో జేజో, అవ్వో పాకం పట్టే కొలతలు తెలిసినవాళ్ళుంటే, ఈ వేసవి లోపు కూర్చోబెట్టుకుని రాసి పెట్టుకోండి. వేరెంత, చక్కెరెంత, ఎంతసేపు నానాలి, ఎప్పుడు దింపాలి. మా జేజి పోయాక మా ఇంట్లో ఆ కొలతలు ఎవరికీ తెలీవు.