విన్నదానిని వ్రాసిపెట్టిన పియానో విద్వాంసుడు

డాన్యూబు నది పడమటి గట్టున, బుడా నగరపు కోటకొండ పాదమున, టబాన్ అను పేట యొకటి యుండెడిది. తురుష్క సామ్రాజ్యము నుండి 1690లో తమ ధర్మపీఠాధిపతియైన మూడవ ఆర్సేనియె వెంట ఉత్తరమునకు తరలివచ్చిన సెర్బుల సంతతివారు, చుట్టును జర్మను, హంగేరియను భాషలే వినవచ్చుచున్నను, ఆ పేటలో తమ భాషను, తమ ఆర్థడాక్సు చర్చిని, ఆ చర్చిలో తాతముత్తాతల నాటి నుండి పాడుకొనుచున్న గానమును విడువక కాపురముండిరి. స్వజాతి గానమును పరదేశపు కచేరీశాలకు గొనిపోయిన సెర్బు పియానో విద్వాంసులలో తొలితరమువాడైన కొర్నేలియె స్తాంకోవిచ్ 1831లో ఆ బుడా నగరముననే జన్మించెను. చిన్ననాటనే తల్లిదండ్రులను గోల్పోయి, బంధువుల పంచన పెరిగి, ఊరూర చదువు సాగించిన యా బాలుని వ్రేళ్ళలోని నేర్పును గుర్తించి, పావ్లె రిజిచ్కి యను సెర్బు భూస్వామి ద్రవ్యసహాయము చేయగా, అతడు 1850లో వియన్నా చేరెను.

వియన్నాలో నతనికి లభించిన గురువు సిమొన్ సెఖ్టర్. ఒక్క పల్లవిని పలు గొంతులు ఒకదాని వెంట నొకటి తరుముకొనుచు పాడు ఫ్యూగు రచనలో నాటి యూరపున నాతనిని మించిన శాస్త్రజ్ఞుడు లేడు. మహారచయిత షూబర్టు సయితము తాను మరణించుటకు కొలది వారములకు ముందు, 1828లో, ఆతని కడ పాఠమునకు కూర్చుండెను. తరువాతి కాలమున బ్రుక్నర్ వంటివాడు సంవత్సరముల తరబడి శిష్యరికము చేసెను. ఆ కఠినశిక్షణలో నారితేరిన యువకుడు, వియన్నా ధనికుల యిండ్లలో మెచ్చుకోలు నందుకొనుచు, అందరు వాయించు రచనలనే తానును వాయించుచు, సుఖముగా కాలము పుచ్చి యుండవచ్చును. అట్లు జరుగకపోవుటకు కారణము, అదే నగరమున వృద్ధాప్యమున నున్న వూక్ కరజిచ్ సాన్నిధ్యమని నా నమ్మకము. పల్లెప్రజల నోటనున్న పాటల పదములను పోగుచేసి, సెర్బు వాఙ్మయమునకు వాడుకభాషను పునాదిగా నిలిపిన యా మహనీయుని చుట్టును సెర్బు యువకులు గుమిగూడుచుండిరి. వూక్ పదములను పోగుచేసెను. ఆ పదములకు ప్రాణమైన వరుసలను పోగుచేయు భారము పియానో యెదుట కూర్చున్న యీ యువకునిపై పడెను. వియన్నాలోని రష్యా రాయబార కార్యాలయపు చర్చి గురువు మిఖాయిల్ రయెవ్‌స్కీయు ఈ కార్యమునకు ప్రోత్సాహ మొసగెను.

1855లో స్తాంకోవిచ్ వియన్నా కచేరీశాలలో సెర్బు చర్చి సంగీతమును వినిపించెను. అటుపిమ్మట సెర్బు ధర్మపీఠమున కాటపట్టైన స్రేమ్‌స్కి కార్లోవ్‌ట్సి పట్టణమునకు వెడలి, ధర్మపీఠాధిపతి రయాచిచ్ ఆదరణలో, వృద్ధగాయకుల సన్నిధిని కూర్చుండి, గురుముఖమున తప్ప గ్రంథముఖమున నెన్నడును సంపూర్ణముగా నిలువని యా గానమును స్వరలిపిలో నెక్కించుటకు పూనుకొనెను. ఆ పని యెట్టిదో కొంచెము నిలిచి చూడవలెను. ఆ గానమునకు ఎనిమిది వర్గములు కలవు; వానిని గ్లాసులందురు. వారమున కొకటి చొప్పున ఎనిమిది వారములలో చక్రము పూర్తియై, మరల మొదటికి వచ్చును. ప్రతి వర్గమునకు తనదైన యెత్తుగడయు, నడకయు, ముక్తాయింపును కలవు. తాళపు గీతలు లేవు. ప్రార్థనలోని వాక్యము పొడవైనచో వరుసయు సాగును, పొట్టిదైనచో కుదించుకొనును. ఒకే గాయకుడు నిన్న పాడినట్లు నేడు పాడడు. అట్లని అతడు తప్పిన వాడును గాడు. ఇట్టి ప్రవహించు నీటివంటి దానిని అయిదు గీతల నడుమ కట్టివేయుటకు పియానో వాయించు వ్రేళ్ళు చాలవు, విను చెవియు, వేచియుండు మనస్సును కావలెను. అవి యతనికి పుష్కలముగా నుండెను.

1862 మొదలు 1864 వరకు ఆ సేకరణలో కొంతభాగము మూడు సంపుటములుగా వియన్నాలో అచ్చుపడెను. ఒంటిగొంతు గానమును అతడు నాలుగు గొంతులకు విస్తరించి, పైగొంతున ప్రాతవరుసను నిలిపి, క్రింద సెఖ్టర్ నేర్పిన సూత్రముల ననుసరించి తక్కిన మూడింటిని కూర్చెను. తూర్పు గానమునకు పడమటి వస్త్రము తొడిగెనని యతనిని నిందింపవచ్చును. నిందలో సత్యాంశము లేకపోలేదు. ఆ స్వరమేళనము కొన్నిచోట్ల గానపు సహజగమనమును బిగించినమాట నిజము. అయినను, పైగొంతును మాత్రము వేరుచేసి పాడుకొన్నచో కార్లోవ్‌ట్సి వృద్ధుల గానము నేటికిని దక్కుచున్నది. మరి నాలుగు గొంతుల మేళనము లేనిదే వియన్నా శ్రోత ఆ కాలమున దానిని సంగీతముగా నంగీకరించి యుండునా?

పియానో విద్వాంసుడుగా నతని యాత్రలు ఈ కృషికి తోడుగనే సాగినవి. ‘ష్టొ సె బొరె మిస్లి మొయె’ వంటి ప్రజలకు పరిచితమైన పాటను తీసికొని, మొదట దానిని నిరాడంబరముగా వాయించి, పిదప విన్యాసము వెంట విన్యాసముగా అలంకరించుట యతని కచేరీలలో ముఖ్యాంశము. తమ యింటిపాట ఆ పెద్దవాద్యమున వినవచ్చుట సెర్బు శ్రోతలకు సామాన్యవిషయము కాదు. చిత్రకారుడును, గాయకుడును నగు మిత్రుడు స్తెవాన్ తొదొరొవిచ్ కొన్ని యాత్రలలో తోడుండి పాడెను. స్తాంకోవిచ్ రూపమును పటమున నిలిపినవాడును అతడే.

1863లో బెల్గ్రేడు గాయకసంఘమునకు నాయకుడై యతడు ఆ నగరమునకు వచ్చునప్పటికి కోటలో తురుష్క సైన్యము ఇంకను విడిసియే యుండెను. ఆ సంఘము స్థాపితమై పదియేండ్లైనను, దాని పాటలలో పరాయిసరకే మెండుగా నుండెడిది. స్వజాతి గానమునకు అందు ప్రధానస్థాన మిచ్చుటకు స్తాంకోవిచ్ పూనుకొనెను గాని, దేహము సహకరింపలేదు. క్షయరోగము ముదిరి, బుడాకు మరలి, 1865 ఏప్రిలులో, ముప్పదినాలుగేండ్లైనను నిండకమునుపే, కన్నుమూసెను. తరువాత అదే సంఘమును సెర్బు సంగీతరచయిత స్తెవాన్ మొక్రాన్యాట్స్ బెర్లిను, మాస్కో నగరముల దాక నడిపించెను. 1908లో ఎనిమిది గ్లాసుల గ్రంథమును వెలువరించెను. బెల్గ్రేడులో నొక సంగీతపాఠశాల స్తాంకోవిచ్ పేరిట నేటికిని నడచుచున్నది.

ఆతడు పియానోపై పలికించిన నాదము ఆ కాలముతోడనే గాలిలో కలిసిపోయినది, దానిని పట్టియుంచు యంత్ర మప్పటికి లేదు. కాని యతడు వ్రాసిపెట్టిన వరుసలు ప్రయాణము మానలేదు. 1876లో తురుష్కులతో సెర్బియా యుద్ధము చేయుచుండగా, ఆ యుద్ధమున గాయపడినవారి సహాయార్థము రష్యాలో కచేరీ యొకటి తలపెట్టి, సంగీతవిద్వాంసుడు నికొలాయ్ రూబిన్‌స్టైన్ రష్యా సంగీతరచయిత చైకోవ్‌స్కీని క్రొత్త రచన కోరెను. చైకోవ్‌స్కీ స్తాంకోవిచ్ ప్రకటించిన సెర్బు పాటల సంపుటమును తెరచి, అందలి వరుసలతో స్లావు కవాతును కూర్చెను. ఆ సంవత్సరము నవంబరులో, మాస్కోలో, బాసూనులును వయోలాలును శవయాత్రానడకలో సెర్బు పల్లెపాట నెత్తుకొన్నప్పుడు, దానిని కాగితమున పెట్టినవాడు చనిపోయి పదునొకండేండ్లైనది.