తుఫాను, ఉప్పెన

తుఫాను అను మాట అరబ్బీనుండి పారసీక హిందూస్తానీల మీదుగా మనకు వచ్చినది. గాలివాన యను చక్కని జంటపదము మనకుండగా ఈ పరదేశి పదమేల నిలదొక్కుకొనెనో గాని, అరబ్బీలో దానికి ప్రధానార్థము జలప్రళయము. నూహు ప్రవక్త కాలపు వరదను ఖురాను ఈ పేరనే పేర్కొన్నది. తెలుగునకు చేరునప్పటికి అందలి నీరు వెనుకబడి గాలి ముందునకు వచ్చినది. నీటి పాలు ఉప్పెన యను మన మాటకు దక్కినది.

ఈ భేదము నిఘంటుకారుల వినోదము మాత్రమే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను తాకిన పెనుతుఫానులో వేలాది ప్రాణములను హరించినది గాలికంటె ఉప్పెనయే. కృష్ణ రెండు పాయలకును సముద్రమునకును నడుమ పళ్లెమువలె పరచుకొన్న ఆ నేలపై, మట్టిగోడల తాటాకు గుడిసెలలోని కూలివారును పల్లెకారులును ముందుగా కొట్టుకొనిపోగా, మిద్దె గలవాడు మెట్లెక్కి బ్రతికెను. తాటిమానును కౌగిలించుకొన్నవారు కొందరు, రొమ్ము చీరుకొనిపోయినను పట్టు విడువక, తెల్లవారుదాక నిలిచిరి. నీరు తీసిన పిమ్మట చేలలో ఉప్పు మిగిలినది.

అదే తీరమును 1990 మే నెలలో మరొక పెనుతుఫాను తాకినప్పుడు, లక్షలాది జనమును ముందే తరలించుటచే మృతులు వేయికి లోపే యుండిరి. ఇండ్లును పశువులును మాత్రము పోయినవి.