కొబ్బరినూనె వంటగట్టు ఎక్కిన ఏడాది

2018 ఎండాకాలం. అప్పటిదాకా మా ఇంట్లో కొబ్బరినూనె అంటే అద్దం దగ్గర, దువ్వెన పక్కన ఉండే సీసా. వంటకి నువ్వులనూనో వేరుశనగనూనో వాడేవాళ్లం. ఆ ఏడు మా మరిది గాజువాక నుంచి రెండు సీసాలు తెచ్చి వంటగట్టు మీద పెట్టి, "వదినా, ఇవి తాగడానికి" అన్నాడు. అత్తయ్య ముఖం చూడాలి ఆ రోజు!

మీ ఇళ్లలోనూ గుర్తుండే ఉంటుంది. వీరమాచనేని రామకృష్ణ గారి వీడియోలు ఊరూరా మోగిన రోజులవి. అన్నం, పప్పు, పళ్లు బంద్. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు. మరిది మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గాడు. అది చూసి మావారు కూడా మొదలెడతానన్నారు. ఆయనకి అప్పటికే ఆరేళ్లుగా షుగరు, పొద్దునా రాత్రీ మాత్రలు. నాకు గుండెల్లో రాయి పడింది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, సైన్సు నాకేం తెలుసు? అయినా ఆయన నైట్ షిఫ్ట్‌కి వెళ్లిన రాత్రులు కూర్చుని చదివాను.

ఇది కొత్త వైద్యం కాదట. 1921లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించాడు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటికే గమనించారు. కానీ పిల్లల్ని ఎన్నాళ్లు పస్తులుంచుతారు? పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెడితే, తింటున్నా ఒంటికి ఉపవాసంలాగే ఉంటుందని ఆయన ఆలోచన. అంటే అది ఫిట్స్ ఆపడానికి పుట్టింది, బరువు తగ్గడానికి కాదు.

ఒంట్లో జరిగేది ఇది. కాలేయంలో, కండరాల్లో కొంత పిండిపదార్థం నిలవ ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని దానికి మూడింతల నీళ్లు ఉంటాయి. అన్నం మానగానే ముందు పోయేది అవే. మరిది నాలుగు కిలోల్లో చాలావరకు నీళ్లే! తర్వాత ఇన్సులిన్ తగ్గుతుంది, కొవ్వు కణాల తలుపులు తెరుచుకుంటాయి, కాలేయం ఆ కొవ్వుని కీటోన్లుగా మారుస్తుంది. మెదడు కూడా వాటితో నడవగలదని 1967లో బోస్టన్‌లో జార్జ్ కాహిల్ బృందం చూపించింది. అయిదారు వారాలు ఉపవాసం ఉన్న వాళ్ల మెదడుకి అవే ముఖ్యమైన ఇంధనమట. ఆ ఇంధనం ఏదైనా, కణం చివరికి దాన్ని ఏటీపీగా మార్చుకునే వాడుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి అత్తయ్యకి చెప్తే, "అయితే మనవాడేనా!" అని కాస్త మెత్తబడ్డారు.

నేను పట్టుకున్న మెలిక ఇంకొకటి ఉంది. కొవ్వు కరగడం వేరు, మన ఒంటి కొవ్వు కరగడం వేరు. గ్రాము నూనెకి 9 కేలరీలు. వంద గ్రాములు తాగితే 900. ఒళ్లు ముందు ఆ తాగిందే వాడుకుంటుంది, మిగిలితే దాచుకుంటుంది. కొవ్వుని దాచడానికి ఇన్సులిన్ పెద్దగా పెరగక్కర్లేదు. మరి జనం తగ్గారంటే, అన్నం, టిఫిన్లు, స్వీట్లు పోయి ఆకలి చచ్చి మొత్తం తిండే తగ్గింది కాబట్టి. నూనె మహిమ కాదని నా అభిప్రాయం. మరిది ఒప్పుకోడు. ఇప్పటికీ మా ఇద్దరికీ వాదనే.

మావారి విషయంలో మాత్రం నేను తగ్గలేదు. మాత్రలు అలాగే మింగుతూ అన్నం మానేస్తే, కొన్ని రకాల మాత్రలకి షుగరు ప్రమాదంగా పడిపోతుంది. డాక్టరు దగ్గరకి వెళ్దాం పదండి, లేదంటే నేను వండను అన్నాను. ఆయన మాత్ర ఒకటి ఆపి, ఒకటి సగం చేసి, రోజూ వేలు గుచ్చి షుగరు రాసుకోమన్నారు. మూడో రోజు తెల్లవారుజామున 72 వచ్చింది. ఆ మాత్రలు అలాగే ఉండి ఉంటే ఎంత ఉండేదో అని ఆ కాగితం చూస్తే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. దాన్ని దాచుకున్నాను, పోపులపెట్టె కింద ఉంది.