లాగే చేతులు, ఆపే చేతులు

కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి బ్రహ్మోత్సవాలు చవితినాడు మొదలై ఇరవై ఒక్క రోజులు సాగుతాయి. రథోత్సవం నాడు మోకు పట్టుకోవడానికి ఎంత పోటీయో చూసినవాళ్లకే తెలుసు. తాడుమీద ఒక్క చెయ్యి పడితే చాలు, పుణ్యం దక్కినట్టే! ఇక్కడనే ఏముంది, ఏ ఊళ్లోనైనా పెద్ద తేరు కదిలేటప్పుడు చక్రాల దగ్గర ఒంగి నడిచే మనుషులు కొందరుంటారు. వాళ్ల చేతుల్లో చెక్క దిమ్మలుంటాయి. తేరు పల్లానికి ఉరికినా, పక్కకు మళ్లినా చక్రం కింద దిమ్మ వేసి నిలిపేది వాళ్లే. పాపం, వాళ్లకేసి ఎవరూ చూడరు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లాగడానికి వెయ్యిమంది ఉన్నా ఆపడానికి ఆ కొద్దిమంది లేకపోతే అది ఉత్సవం కాదు, ప్రమాదం.

చెడిపోయిన బండిని మరో బండి లాగిన చరిత్ర అంతా ఈ దిమ్మలోనే ఉందంటే నవ్వకండి.

1916లో అమెరికాలోని చాటనూగా ఊళ్లో ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్కుకు ఓ కబురు వచ్చింది. తెలిసినవారి కారు వాగులో పడింది. మనుషులు, తాళ్లు, దుంగలతో గంటల తరబడి తంటాలు పడితేగాని అది గట్టెక్కలేదు. అప్పుడాయనకు ఆలోచన వచ్చింది. 1913 నాటి కాడిలాక్ కారు చట్రం మీద మూడు స్తంభాలు, ఒక కప్పీ, ఒక గొలుసు బిగించాడు. బండిని లాగే బండి అలా పుట్టింది. ఆ ఊళ్లో 1995 నుంచి దానికో మ్యూజియం కూడా ఉంది.

కారు సంగతి సరే. ఇల్లే చక్రాల మీద ఉంటే? పాత గ్రేహౌండ్ బస్సులు కొని, సీట్లు పీకి, పొయ్యి, పడక, స్నానాల గది అమర్చుకునే అలవాటు అమెరికన్లకు ఏనాటి నుంచో ఉంది. మనకూ అలాంటి బండి తెలియకపోలేదు. 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగారు. హరికృష్ణగారు తోలారు. తినడం, పడుకోవడం, ఉపన్యాసం అన్నీ దానితోనే. మార్చిలో పెట్టిన పార్టీ మరుసటి జనవరికల్లా గద్దెనెక్కింది. ఇక గిన్నెలూ గ్యాసు పొయ్యీ వేసుకుని కాశీ, రామేశ్వరం తిప్పే యాత్రా బస్సులు మన ఊళ్ల నుంచే బయలుదేరుతుంటాయి.

అలాంటి బండి ఆగిపోతే అందులో వంటిల్లూ ముసలమ్మలూ పసిపిల్లలూ ఉంటారు. కంగారులో ఎవరో ఒకరు తాడు కట్టేస్తారు. ఎక్కడ కడతారు? ఎదురుగా కనిపించే బంపరుకి. బంపరు నగలాంటిది, ముఖానికి అందమే గాని బరువు మోయదు. కొక్కెం చాసిస్ దూలానికి బిగించి ఉండాలి. లేకపోతే బంపరు ఊడివస్తుంది, బస్సు అక్కడే ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. తాడు లాగగలదు గాని ఆపలేదు. ముందు బండి బ్రేకు వేస్తే వెనకది వచ్చి ఢీకొంటుంది. ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకుకు బలం తగ్గుతుంది. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే మొగిలి ఘాటు లాంటి చోట తాడును నమ్ముకోవడమంటే ప్రాణాలను నమ్ముకోవడమే. అందుకే బరువైన బండికి తాడు బదులు ఇనుప కడ్డీ వచ్చింది. అది లాగుతుంది, అడ్డం కూడా నిలుస్తుంది.

పెద్ద బస్సుల్లో గాలి బ్రేకులుంటాయి. స్ప్రింగు బ్రేకు ఉన్నవాటిలో గాలి పోతే చక్రాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. అంటే తేరు దిమ్మను బండి లోపలే పెట్టారన్నమాట! లాగాలంటే ముందు బండి నుంచి గొట్టంతో గాలి అందించాలి. ఆటోమేటిక్ గేరు బండి అయితే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా విప్పాలి. లేదంటే నూనె అందక గేరుపెట్టె మాడిపోతుంది.

2017 దాకా అమల్లో ఉన్న మన 1989 నాటి రోడ్డు నియమాలు ఈ విషయంలో అమ్మమ్మలాగా జాగ్రత్తలు చెప్పాయి. రెండు బండ్ల మధ్య 5 మీటర్లు మించరాదు. గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. తాడు ఇతరులకు కనబడాలి. వెనక బండిని ఎత్తి కట్టకపోతే అందులో లైసెన్సున్న డ్రైవరు కూర్చోవాలి. చూశారా, లాగబడే బండికి కూడా డ్రైవరు కావాలన్నారు! దాన్ని ఆపేవాడు ఉండాలిగదా.

ఇవేవీ చదవకుండానే మన లారీ క్లీనరు బండి ఆగగానే గభాలున దూకి చక్రం కింద రాయి పెడతాడు. తేరు దిమ్మకు వాడే వారసుడు. వాడితో వచ్చిన చిక్కల్లా, బండి కదిలాక ఆ రాయిని రోడ్డు నడుమే వదిలేయడం! చీకట్లో స్కూటరు మీద వచ్చే మరో ఇంటి మనిషికి అది మృత్యువు.

కాణిపాకం స్వామి ఎదుట అబద్ధమాడరని ప్రతీతి. ఇక తాగనని ప్రమాణం చేయడానికి ఎందరో ఇక్కడికి వస్తారు. భర్తను వెంటబెట్టుకుని వచ్చే ఇల్లాళ్లకు వేరే చెప్పాలా? సంసారాన్ని లాగుతున్నది ఎవరో లోకానికి తెలుస్తూనే ఉంటుంది. చక్రం కింద దిమ్మ పట్టుకుని ఒంగి నడుస్తున్నది ఎవరో ఆ స్వామికి తెలుసు.