నడుం నొప్పి వెనక నూట ఎనభై ఏళ్ల కథ

ఈసారి ఒక జబ్బు చరిత్ర రాస్తున్నాం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన సింధనూరు, మాన్వి క్యాంపుల్లో నడుం నొప్పి లేని ఇల్లు ఉండదు. పొలం పని, వీపున మందు ట్యాంకు, ట్రాక్టరు కుదుపులు, కారణాలకు కొదవేముంది? అందుకే ఇంట్లో పెద్దాయన నడుం పట్టుకుంటే మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ల తెచ్చిస్తాం. అలాంటి నొప్పుల్లో ఎక్కడో ఒకటి మల్టిపుల్ మైలోమా అవుతుంది. ఎముక మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్ ఇది. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో ఒకటి అదుపు తప్పి పెరుగుతూ పోతుంది. పనికిరాని ఒకే రకం ప్రోటీను రక్తంలో నిండుతుంది. ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తం తగ్గుతుంది.

1844లో లండన్‌లో సారా న్యూబరీ అనే 39 ఏళ్ల ఆవిడ ఎముకలు విరిగి విరిగి చనిపోయింది. ఆవిడకిచ్చిన మందు రేవల్చిన్ని, నారింజ తొక్కల కషాయం! మరుసటి ఏడాది థామస్ మెక్‌బీన్ అనే కిరాణా వ్యాపారికి అదే బాధ. ఆయన మూత్రాన్ని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. యాసిడ్ వేస్తే తెల్లగా పేరుకునేది, వేడి చేస్తే కరిగిపోయేది, చల్లారితే మళ్లీ పేరుకునేది. రోగిని 1846 జనవరి 1 దాటించలేకపోయారు గానీ ఆ ప్రోటీనుకు నేటికీ బెన్స్ జోన్స్ పేరే. 1873లో రుస్తిజ్కీ ఈ జబ్బుకు పేరు పెట్టాడు.

మందుల కథ ఇంకా విచిత్రం. 1947 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు యురేథేన్ వాడారు. 1966లో దాన్ని ఉత్త తీపి సిరప్‌తో పోల్చి చూస్తే సిరప్ తాగినవాళ్లే ఎక్కువ కాలం బతికారు. ఈలోగా 1958లో సోవియట్ వైద్యుడు బ్లోఖిన్ మెల్ఫలాన్‌తో ఫలితం చూపించాడు. 1983లో అదే మందును పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. నేటి మూలకణ మార్పిడికి దారి అదే.

ఆ తరువాత థాలిడొమైడ్. గర్భిణులు వాడితే వేలాది బిడ్డలు అవయవ లోపాలతో పుట్టారని 1961లో మార్కెట్ నుంచి తీసేసిన మందు. 1999లో సీమా సింఘాల్, బార్లొగీ బృందం దాన్ని మిగతా వైద్యాలకు లొంగని 84 మంది మైలోమా రోగులకిచ్చి, సుమారు మూడోవంతు మందిలో జబ్బు తగ్గడం చూసింది. దాని తమ్ముడే లెనలిడొమైడ్. మన హైదరాబాదు నాట్కో దాని జనరిక్‌ను తయారుచేసి, పేటెంటు తగాదా తెంచుకుని, 2022 మార్చిలో అమెరికా మార్కెట్‌కు కూడా చేర్చింది. రాయచూరు నుంచి హైదరాబాదు పోయేటప్పుడు షాద్‌నగర్ దాటాక కొత్తూరు వస్తుందే, అక్కడే ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. ఎన్నిసార్లు దాని ముందునుంచి పోయామో!

హైదరాబాదు మనకు క్యాన్సర్ వైద్యంలో పాత చుట్టమే. 1955లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో ఎం.ఎన్.జె. ఆసుపత్రి మొదలైనప్పుడు రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. 1956 నవంబరులో గీతలు మారాయి, రోగుల దారి మారలేదు. బెంగళూరు కిద్వాయికి పోయేవాళ్లూ ఉన్నారు.

ఇక మనలాంటి రైతులు ఆగి చదవాల్సింది ఇది. మేయో క్లినిక్‌కు చెందిన రాబర్ట్ కైల్ 1978లో జబ్బుకు ముందుండే ఒక దశకు ఎం.జి.యు.ఎస్. అని పేరుపెట్టాడు. రక్తంలో ఆ ప్రోటీను ఉంటుంది, బాధ ఏమీ ఉండదు. ఏడాదికి నూటికి ఒకరిలో అది ముదురుతుంది. అయోవా, నార్త్ కరోలినాల్లో పురుగుమందులు కొట్టే మగవాళ్లలో ఈ దశ మామూలువాళ్ల కంటే సుమారు రెట్టింపు ఉందని 2009లో ఒక అధ్యయనం చెప్పింది. వరికీ పత్తికీ మనం కొట్టే మందులు, తొడగని చేతి తొడుగులు మీకు తెలిసినవే.

వారాల తరబడి తగ్గని ఎముక నొప్పి, దానికి తోడు నీరసం, పాలిపోవడం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు ఉంటే డాక్టరుగారిని హిమోగ్లోబిన్, ఈ.ఎస్.ఆర్., క్రియాటినిన్, కాల్షియం, టోటల్ ప్రోటీను పరీక్షల గురించి అడగండి. అనుమానం ఉంటే సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్, ఆపైన మూలుగ పరీక్ష చేస్తారు. చాలామందిలో ఈ జబ్బు పూర్తిగా పోదు, కానీ ఏళ్ల తరబడి అదుపులో ఉంచే మందులున్నాయి. ఈలోపు డాక్టరు చెప్పకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు రోజూ మింగనివ్వకండి. మైలోమా ఉన్నవాళ్ల కిడ్నీని అవి ఇంకా త్వరగా చెడగొడతాయి.